ఎక్కినేపు, దిగినేపు

ఆ చెట్టు పేరు జూనిపర్ అని నాకు మొన్నటిదాకా తెలియదు. కరివేపాకు మొక్క కోసం విజయనగరంలో ఒక నర్సరీకి వెళ్తే, గేటు పక్కన బల్ల మీద, వెడల్పాటి మట్టి పళ్ళెంలో జానెడు చెట్టు కనబడింది. మాను మెలితిరిగి ఉంది. కొమ్మలకి తీగ చుట్టి ఉంది. చెయ్యి ఊరుకోక ఒక రెమ్మ తుంచి వేళ్ళ మధ్య నలిపాను. పెన్సిలు చెక్కినప్పుడు వచ్చే వాసన వచ్చింది. నర్సరీ అబ్బాయి "అది జూనిపరండీ, బోన్సాయి, తుంచకూడదు" అని మందలిస్తూనే ఉన్నాడు. నాకు ఆ పేరు తప్ప ఇంకేమీ సరిగ్గా వినబడలేదు. నౌపడలో మా పెరటి దడి, దాని నీడలో గొంతుక్కూర్చున్న ఒక ఆడమనిషి కళ్ళకి కట్టినట్టయింది. కరివేపాకు మొక్క సంగతి మర్చిపోయి ఇంటికి వచ్చేశాను.

ఆవిడ దాన్ని చీనా చెట్టు అనేది. మేమూ అలాగే అనేవాళ్ళం.

అరవైల చివర్లో మాట. మా ఆయన నౌపడ స్టేషన్లో గూడ్సు గుమాస్తా. కొత్తగా కాపురానికి వెళ్ళాను. క్వార్టరు దొరకలేదు. ఉప్పు మళ్ళకి పోయే దారిలో రెండు వాటాల పెంకుటింట్లో ఒక వాటా అద్దెకి తీసుకున్నాం. ఎటు చూసినా ఉప్పే. ఎండాకాలంలో ఆ తెల్లటి కుప్పలు కళ్ళల్లో పొడిచేవి. గాలి ఒక్క పూట కూడా ఆగేది కాదు. ఆరేసిన చీర సాయంత్రానికి అట్టకట్టేది. తలుపు గొళ్ళేలు తుప్పు తిని చేతిలోకి ఊడి వచ్చేవి. నూతి నీళ్ళు నోట పెట్టుకోలేం, తాగే నీళ్ళు కావిళ్ళ మీద రావలసిందే. చుట్టుపక్కల వేప మొక్క వేసినా మోకాలెత్తు దాటి బతికేది కాదు. అలాంటి చోట, రెండో వాటాలో ఉన్న ఆవిడ దడి చాటున కుండీలో ఒక చెట్టుని సాకుతోంది.

ఆవిడా మొగుడూ రంగం నుంచి వచ్చినవాళ్ళు. రంగూన్‌ని మా జిల్లాల్లో రంగం అంటారు. ఒకప్పుడు ఇంటికొకరు అక్కడికి కూలికి వెళ్ళినవాళ్ళే. ఇక అక్కడ పరాయివాళ్ళకి చోటు లేదనేసరికి, వీళ్ళూ అందరితోపాటు ఓడెక్కి విశాఖపట్నంలో దిగారు. ఆయన మేనల్లుడు ఉప్పు మళ్ళలో మేస్త్రీ, అందుకని నౌపడ చేరారు. పేటంతా ఆవిడని రంగం అత్త అనేది. అసలు పేరుతో ఎవరూ పిలవగా నేను వినలేదు.

ఆవిడ అడ్డపొగ తాగేది. అంటే చుట్ట నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చడం. మా వైపు పెద్ద వయసు ఆడవాళ్ళకి అది మామూలే. చుట్ట నోట్లో ఉన్నంతసేపూ ఊఁ, ఆఁ తప్ప మాట ఉండేది కాదు. ముఖ్యమైనదేదైనా చెప్పాలంటే చుట్ట బయటికి తీసి, రెండు వేళ్ళ మధ్య పట్టుకుని, చెప్పాల్సింది చెప్పేసి, మళ్ళీ లోపల పెట్టేసుకునేది. అందుకని చుట్ట ఆవిడ చేతిలోకి వస్తే మేం వినడానికి సిద్ధపడేవాళ్ళం.

"అలిసిపోనానమ్మీ." ఇది ఆవిడ పలకరింపు. పొద్దున్నే ముఖం కడుక్కుంటూ కూడా అదే మాట.

"ఇంకా ఏ పనీ మొదలెట్టలేదు కదత్తా!"

"నిన్నటిది. ఇంకా దిగనేదు."

రంగంలో ఆవిడ ఒక చీనా షావుకారు ఇంట్లో పాచిపని చేసేది. ఆయనకి మేడ మీద ఇలాంటి కుండీలు బారుగా ఉండేవట. మొదట నీళ్ళు పొయ్యమన్నాడు, తర్వాత తీగ పట్టుకోమన్నాడు, పోనుపోను వేళ్ళు కత్తిరించడం కూడా ఆవిడకి అప్పజెప్పాడు. ఆయన కూడా ఊరొదిలి పోతూ ఒక కుండీ ఈవిడకి ఇచ్చాడు. ఓడెక్కేటప్పుడు గాజులూ గొలుసూ అక్కడి సర్కారుకి వదిలి రావలసి వచ్చింది. చెట్టు కావాలని మాత్రం ఎవరూ అడగలేదు. కిరసనాయిలు డబ్బాలో పెట్టి, పాత లుంగీ చుట్టి, ఒళ్ళో పెట్టుకుని సముద్రం దాటించింది.

షావుకారు ఇచ్చినప్పుడు అది గొడుగులా గుండ్రంగా, చూడముచ్చటగా ఉండేదట. ఆ ముచ్చటంతా ఈవిడ తీసిపారేసింది. కొమ్మలకి రాగి తీగ చుట్టి, రోజుకి కాస్త చొప్పున కిందికి వంచేది. తీగ బెరడులోకి దిగకముందే విప్పేసి, గుమ్మం స్తంభానికి ఒక చుట్టు వేసి, రెండు చేతులా లాగి తిన్నగా చేసి మళ్ళీ వాడేది. మాను ఒక పక్కన పై నుంచి కిందిదాకా బెరడు ఒలిచేసి, ఆ చోట తాంబూలం సున్నం పట్టించేది. పచ్చటి చెట్టు మీద అది ఎముకలా తెల్లగా కనబడేది. చిగుళ్ళు గుబురుగా వస్తే గిల్లేసేది. తర్వాత ఒక కన్ను మూసి, తల వాల్చి, ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ చూసుకునేది. ఎప్పుడూ తృప్తిపడేది కాదు.

"నిండుగా ఉంటేనే బాగుంటుంది కదత్తా, పాపం ఎందుకలా పీకేస్తావు?" అని ఒకసారి అడిగాను.

చుట్ట చేతిలోకి వచ్చింది. "ఆ కొండ మీద నిండుగా ఏదీ ఉండదమ్మీ. గాలికి నిలబడ్డమే కష్టం. ఇది అక్కడి సెట్టు."

ఏ కొండ అని అడిగేలోగా చుట్ట నోట్లోకి వెళ్ళిపోయింది.

ఉప్పు ఆఫీసరు గారి భార్య ఒకసారి చూడటానికి వచ్చి, ముచ్చటపడి, మర్నాడు చిన్న పింగాణీ కొంగబొమ్మ పంపించింది, చెట్టు కింద పెట్టుకోమని. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నా చేతిలో పెట్టింది. "నువ్వుంచుకో. అక్కడ పిట్ట కూడా వాలనేదు." తుఫాను గాలి వచ్చిన రోజున పేటంతా తలుపులు బిగించుకుంటుంటే, ఈవిడ కుండీని వాకిట్లోనే ఉంచి, గుమ్మంలో నిలబడి, ఏ కొమ్మ ఎటు ఒంగుతోందో కళ్ళార్పకుండా చూసింది. లోపల్నుంచి మొగుడు "బతకనీయే దాన్ని" అని అరుస్తున్నాడు.

ఆయన పొడుగాటి మనిషి, వంగిపోయాడు. ఉప్పు గోనెలు కుట్టే పని. ఉప్పుకి వేళ్ళ సందులు ఎప్పుడూ పుండ్లు పడి ఉండేవి. తాగే నీళ్ళ గ్లాసు ఇద్దరూ సగమే తాగేవారు. ఆవిడ తన సగం చెట్టు మొదట్లో పోసేది. ఆయన తన సగాన్ని కుండీ పక్కన పెట్టి, ఏమీ అనకుండా పోయేవాడు. సాయంత్రం పనినుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నులక మంచం మీద కూర్చునేవాడు. అప్పుడు మొదలయ్యేది తగువు.

చెట్టు అడుగున రెండు కొమ్మలున్నాయి, ఒకటి అటూ ఒకటి ఇటూ. ఆ కొండ మీద వాళ్ళు చూసిన చెట్టుకి ఒక కొమ్మ ఎండి ఉండేదట, అందుకని వాటిలో ఒకదాన్ని ఒలిచి ఎండగట్టాలి. ఏ కొమ్మన్నదే తగువంతా. కుండీలో ఒక పక్క ఎత్తుగా రాయి పెట్టి ఉంది, అది వాళ్ళు కొండ ఎక్కివచ్చిన దారి. రెండో పక్క మట్టి పల్లంగా దిగుతుంది, అది దిగిపోయిన దారి. ఎండు కొమ్మ ఎక్కినేపు, అంటే ఎక్కిన వైపు, ఉండేదని ఆయన. కాదు, దిగినేపని ఆవిడ.

"ఎక్కినేపేనే. కావిడి దించి ఆ ఎండు కొమ్మకే గదా తగిలించినాను."

"కావిడి తగిలించింది వేరే సెట్టుకి. జొరంలో నీకేటి తెలుసు?"

"జొరం నాకు కాదు, నీకు."

"ఇద్దరికీని. అయినా నాను సూసినాను మావా. తెల్లారగట్ల ఎండు కొమ్మ మీదే మొదట పొద్దు పడ్డాది."

"ఒసే, పొద్దు మనం ఎక్కినేపే గదే పొడిసింది!"

ఆవిడ చిగురొకటి గిల్లి, "ఆరోజు మబ్బు" అనేది.

పేటలో అదొక వేడుక. ఉప్పు మళ్ళ నుంచి తిరిగి వచ్చే ఆడవాళ్ళు దడి అవతల నుంచి "ఏటి మావా, ఈయేల ఎక్కినేపా, దిగినేపా?" అని కేకలేసి నవ్వుకుంటూ పోయేవారు. ఆయన చెయ్యి విసిరేవాడు. మా ఆయన అన్నం ముందు కూర్చుంటూ "ఇవాళ ఎవరు గెలిచారు?" అని అడిగేవారు. ఎవరూ గెలిచేవారు కాదు. కత్తి పెడితే మళ్ళీ అతకదు, కాబట్టి ఇద్దరికీ ఒకటే మాట అయ్యేదాకా ముట్టేది లేదని ఆవిడ పట్టు. రెండు కొమ్మలూ పచ్చగా అలాగే ఉన్నాయి.

మరుసటేడు వానాకాలంలో నేను మొదటి కాన్పుకి విజయనగరం పుట్టింటికి వెళ్ళాను. బిడ్డ దక్కలేదు. ఆడపిల్ల. చనిపోయి పుట్టిందన్నారు. చూస్తే బెంగ పెట్టుకుంటానని నాకు చూపించలేదు. ఒళ్ళు కాస్త కూడదీసుకున్నాక నౌపడ తిరిగి వచ్చాను. వచ్చినవాళ్ళందరూ చిన్నదానివి, మళ్ళీ పుడతారు అన్నారు. తర్వాత ఉప్పు ధర గురించో వానల గురించో మాట్లాడి వెళ్ళిపోయేవారు. మా ఆయన మంచివారే. కాని నేను ఆ మాట ఎత్తబోతే, స్టేషన్లో పనుందని లేచిపోయేవారు. నాకు రోజంతా మంచం మీద పడుకోవడం తప్ప ఇంకేమీ చేతనయ్యేది కాదు. నిద్ర పట్టేది కాదు, మెలకువగానూ ఉండేదాన్ని కాదు.

రంగం అత్త వెంటనే రాలేదు. ఒక మధ్యాహ్నం, కుండీని రెండు చేతులా ఎత్తుకుని మా వాటాలోకి వచ్చింది. మంచం పక్కన నేల మీద పెట్టింది. తీగ చుట్టొకటి విప్పి దాని కొస నా చేతికిచ్చింది.

"పట్టుకో."

లేచి కూర్చుని పట్టుకున్నాను. ఆవిడ పై కొమ్మ చుట్టూ తీగ తిప్పుతూ, నన్ను కొద్దికొద్దిగా వదలమంది. అది అయ్యాక చుట్ట నోట్లోంచి తీసింది. ఈసారి వేళ్ళ మధ్య పట్టుకోలేదు. నేలకి రుద్ది ఆర్పేసింది. ఆవిడ చుట్ట ఆర్పడం చూసింది అదే మొదటిసారి.

"జపానోలు బాంబులేసినప్పుడు రంగం ఒగ్గీసి నడిసొచ్చినాం" అంది. "అందరం నడిసినాం. కావిడిలో ఓపక్క సామాను, ఓపక్క మా గుంట, సిన్నపిల్ల. మాటలు బాగా వచ్చీసినాయి అప్పటికి. దారంతా రోగాలు. ఓ కొండ నెత్తి మీదికి వచ్చీసరికి సీకటి పడ్డాది. అంతా రాయి. ఒక్కటే సెట్టు. గాలికి ఒంగిపోయి, సగం పచ్చగా ఉన్నాది, సగం ఎండిపోనాది. దాని కింద పడుకున్నాం. తెల్లారీసరికి గుంట పోనాది."

నేను తీగ కొస అలాగే పట్టుకుని ఉన్నాను.

"గొయ్యి తీద్దావంటే మట్టి నేదు. ఎండు కొమ్మ కింద రాళ్ళ సందులో పడుకోబెట్టి, పైన రాళ్ళు పేర్సినాం. ఎనకాల జనం తోసుకొస్తన్నారు. నడవాల. నడిసినాం." ఆర్పిన చుట్టని పక్కకి నెట్టింది. "యుద్ధం అయిపోనాక మళ్ళీ రంగం ఎల్లినాం, బతకాల గదా. ఓడలో ఎల్లినాం. ఆ కొండ ఓడదారిలో నేదు గదమ్మీ."

నేను ఏడ్చాను. పుట్టింట్లో కూడా అలా ఏడవలేదు. ఆవిడ ఊరుకోమనలేదు. నా వీపు మీద చెయ్యి వేసి, చెట్టునే చూస్తూ కూర్చుంది.

ఎండు కొమ్మ ఏ వైపుందో తేలితే ఆ పిల్ల ఏ వైపుందో తేలుతుంది. పేటంతా నవ్వుకుంటున్న తగువు అది. ఆ సాయంత్రం మళ్ళీ మొదలయ్యింది. మా ఆయన నవ్వుతూ ఏదో అనబోతే వద్దని చెయ్యి అడ్డుపెట్టి, ఎందుకో చెప్పాను. ఆయన చాలాసేపు కంచంలో అన్నం కలుపుతూనే ఉండిపోయారు.

చలికాలం వచ్చేసరికి రంగం అత్త మొగుడికి దగ్గు ముదిరింది. గోనెలు కుట్టే పని మానేశాడు. మా ఆయన టెక్కలి తీసుకెళ్ళి డాక్టరుకి చూపించి తెచ్చారు. ఇంట్లోనే ఉంచి ఏం కావాలంటే అది పెట్టమన్నాడట డాక్టరు. పగలంతా నులక మంచం పెరట్లో, చెట్టుకి ఎదురుగా వేసేవాళ్ళం. ఆయనకి మాట్లాడే ఓపిక పోయింది. ఆవిడ మాత్రం తగువు వదల్లేదు. ఆయన మాటలు కూడా తనే అనేది.

"నువ్వు ఎక్కినేపంటావు, నాకు తెలుసు. కావిడంటావు. నాను ఒప్పుకోను."

ఆయన తల కొంచెం ఊపేవాడు. అది అవునో కాదో తెలిసేది కాదు.

ఒక సాయంత్రం నేను గంజి తీసుకెళ్ళాను. ఆవిడ కుండీ ముందు కూర్చుని ఎప్పటిలాగే "దిగినేపే మావా" అంది. మంచం మీంచి సన్నగా మాట వినబడింది.

"దిగినేపే లెద్దూ."

ఆవిడ తల తిప్పింది. "ఏటి?"

"నువ్వు సెప్పిందే నిజిం. దిగినేపే. కొమ్మ తీసీ."

ఇన్నేళ్ళకి గెలిచింది కదా, సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ లేచి నిలబడింది. చుట్ట చేతిలో ఉంది.

"అబద్దం ఆడకు మావా."

"అబద్దం కాదే. అలిసిపోనాను. నీదే నిజిం."

"నీదే అంటే ఎలగ? ఇన్నాళ్ళూ ఎక్కినేపన్నోడివి, ఇప్పుడొచ్చి నీదే అంటావేటి? అను. ఎక్కినేపను."

ఆయన కళ్ళు మూసుకున్నాడు.

"నీ కాళ్ళట్టుకుంటాను మావా. ఒక్కపాలి అను!"

ఆయన ఇంటి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆవిడ మంచం కోడు పట్టుకుని కిందకి జారి కూర్చుంది. నేను గంజి గిన్నె అక్కడ పెట్టి, ఏం చెయ్యాలో తెలియక, ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఆవిడకి కోపం రావడం అంతకు ముందు చూడలేదు, తర్వాతా చూడలేదు. ఆ వారంలోనే ఆయన పోయాడు.

తర్వాత కొన్నాళ్ళకి మాకు బదిలీ అయింది. ఆవిడ మేనల్లుడింటికి మారిపోయిందనీ, ఆ చెట్టు ఇంకో రెండు వేసవులు నిలిచి, తర్వాత ఎండిపోయిందనీ, నౌపడ నుంచి వచ్చిన స్టేషన్ మనిషెవరో చెప్పాడు. ఆవిడ ఎప్పుడు పోయిందో నాకు తెలియదు. ఈపాటికి పోయే ఉంటుంది. ఇక చెప్పాల్సింది మేం బయల్దేరడానికి ముందు ఒక మధ్యాహ్నం సంగతి.

దినకార్యాలన్నీ అయిపోయాయి. చుట్టాలు వెళ్ళిపోయారు. నేను బట్టలు తియ్యడానికి పెరట్లోకి వెళ్తే, ఆవిడ దడి నీడలో కుండీ ముందు కూర్చుని ఉంది. చేతిలో చిన్న కత్తి. అడుగు కొమ్మ ఆకులన్నీ అప్పటికే దూసేసింది. బెరడు కొస పట్టుకుని కిందికి లాగుతోంది. ఏ కొమ్మో అని దగ్గరికెళ్ళి చూశాను. రాయి ఉన్న పక్క కొమ్మ.

"అత్తా! అది ఎక్కినేపు కదా. నువ్వు దిగినేపనేదానివి!"

ఆవిడ తొందరపడలేదు. బెరడు పేలికని పూర్తిగా లాగి పక్కన పడేసి, అప్పుడు చుట్ట తీసింది.

"ఎక్కినేపేనమ్మీ. ఆడు సెప్పిందే నిజిం. నాకు మొదట్నించీ తెలుసు."

"మరెందుకత్తా, అన్నేళ్ళు?"

"గుంట మాట ఎత్తితే ఆడు లేసి ఎల్లిపోయీవోడు. రంగంలో ఉన్నన్నాళ్ళూ అంతే. పేరెత్తితే సాలు, సొక్కా తొడుక్కుని బయిటికి పోయీవోడు. నాను ఒక్కర్తినే ఏటి మాటాడుకోను?" ఒలిచిన కొమ్మ మీద బొటనవేలితో మెల్లగా రాసింది. "ఈ సెట్టు ఒంచడం మొదలెట్టినాక ఓరోజు ఊరకనే అన్నాను, ఎండు కొమ్మ దిగినేపు గదా అని. కాదు, ఎక్కినేపన్నాడు. కూకున్నాడు. కావిడి ఎక్కడ దించినాడో సెప్పినాడు. కొండెక్కుతుంటే గుంట ఏటి అడిగినాదో సెప్పినాడు. అది నాకు తెల్దమ్మీ. ఆడు కావిడి మోస్తన్నాడు గదా, ఆడికే సెప్పినాది. సేనా సేపు కూకున్నాడు. అందికే మర్నాడూ దిగినేపన్నాను."

నేను బట్టలు ఒళ్ళో వేసుకుని ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చున్నాను. ఆవిడ మళ్ళీ కత్తి తీసుకుంది. బెరడు మిగిలిన చోటల్లా గీకి నున్నగా చేసింది. తాంబూలం సున్నం వేలితో తీసి, మొదలు నుంచి కొసదాకా పట్టించింది. ఎప్పటిలా ఒక కన్ను మూసి చూసుకోలేదు. చెయ్యి కడుక్కుని, కొంగుకి తుడుచుకుంది.

"పేరేటత్తా, ఆ పిల్లది?" అని అడిగాను.

చెప్పింది. ఎవరినో పిలుస్తున్నట్టు, కాస్త గట్టిగా చెప్పింది.

తర్వాత నా ముఖంలోకి చూసి, "నీ గుంటకి ఏటి పేరెట్టుకుందావనుకున్నావు?" అంది.

ఆ మాట నన్ను అప్పటిదాకా ఎవరూ అడగలేదు. మా అమ్మ అడగలేదు, మా ఆయన అడగలేదు. పేరొకటి అనుకున్నానని ఎవరికీ చెప్పలేదు. ఒళ్ళో బట్టలు పక్కన పెట్టాను. చెప్పాను.

ఆవిడ ఆ పేరుని తన నోటితో ఒకసారి పలికి చూసింది.

"బాగున్నాది" అంది.